బొమ్మ లేకుండా భావం: నీటిరంగులతో నైరూప్య చిత్రం ఎలా వేయాలి?

నీటిరంగులతో చెట్టు, ఇల్లు, కొండల మధ్య సూర్యుడు వేయడం బడిలో అందరం ఎంతో కొంత నేర్చుకున్నాం. ఈసారి అవేవీ లేకుండా ఒక దిగులునో ఒక సంబరాన్నో కాగితం మీద పెడదాం. దీన్ని నైరూప్య చిత్రం అంటారు. బయట చాలామంది ‘మోడరన్ ఆర్టు’ అని నవ్వి దాటేస్తారు. ఎలా గీసినా చెల్లిపోతుందన్నది అపోహ. దీనికీ ఒక వరస ఉంది, ఆ వరస తప్పితే మిగిలేది బురదే.

బొమ్మ లేకుండానే భావం పలుకుతుందన్న సంగతి విజయనగరం వైపు వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరది. ఒకప్పుడు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు మీద రాగం తీస్తే అందులో సాహిత్యం ఉండేది కాదు, కథ ఉండేది కాదు. అయినా వినేవాళ్ల మనసు కదిలేది. ఆలాపన మాట లేకుండా చేసే పనిని మనం ఆకారం లేకుండా చేయబోతున్నాం. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911 చివర్లో అచ్చయిన తన పుస్తకంలో చిత్రకళ గురించి చెప్పడానికి మాటిమాటికీ సంగీతాన్నే తెచ్చుకున్నాడు. మన తెలుగువాళ్లలో గుడివాడలో పుట్టి చికాగోలో స్థిరపడిన ఎస్.వి. రామారావు గారు నైరూప్య చిత్రాలతోనే పేరు తెచ్చుకుని 2001లో పద్మశ్రీ అందుకున్నారు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గుర్తుంచుకుందాం. ఈ పనిలో భావాన్ని మోసేది రంగుకన్నా నీళ్లు. ఏ రంగు వాడామన్నది తర్వాతి సంగతి. ఎంత నీటితో, కాగితం ఎంత తడిగా ఉన్నప్పుడు కుంచె పెట్టామన్నదే ముందు. కింద చెప్పే పద్ధతి అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఏమేం కావాలి?

1. కాగితం: 300 జీఎస్‌ఎం వాటర్ కలర్ పేపరు, కాస్త గరుకుగా ఉండేది. బడిపిల్లల డ్రాయింగ్ షీటు ఇంత నీటికి తట్టుకోదు, ఉబ్బి గుంటలు పడుతుంది, రంగంతా ఆ గుంటల్లోకి చేరుతుంది. 22×30 అంగుళాల పెద్ద షీటు ఒకటి కొని ఎనిమిది ముక్కలు చేసుకుంటే ఒక్కోటి 7.5×11 అంగుళాలు వస్తుంది. నేర్చుకోవడానికి ఆ కొలత చాలు.

2. రంగులు: నాలుగే ట్యూబులు. అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియన్నా, గాంబోజ్ పసుపు, క్రిమ్సన్. కామెల్ ట్యూబులతో మొదలుపెట్టవచ్చు. పన్నెండు రంగుల పెట్టె ఇంట్లో ఉన్నా మిగతావి పక్కన పెట్టండి. సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతోనే ఎంత లోకం చూపించారో తెలిసినవాళ్లకు నాలుగు రంగులు తక్కువ అనిపించవు.

3. కుంచెలు: ఒకటిన్నర అంగుళాల బల్లకుంచె ఒకటి, పన్నెండో నంబరు గుండ్రటిది ఒకటి. సన్న కుంచె కొనకండి. చేతిలో ఉంటే దానితో ఆకులు, కొమ్మలు గీయాలనిపిస్తుంది.

4. అట్ట: పిల్లలు పరీక్షలకు తీసుకెళ్లే రైటింగ్ ప్యాడ్ సరిపోతుంది. క్లిప్పు అడ్డొస్తే తిప్పి వెనకవైపు వాడుకోండి.

5. ఇంకా: మాస్కింగ్ టేపు, నీళ్లకు రెండు మగ్గులు, రంగు కలపడానికి తెల్ల పింగాణీ పళ్లెం, పాత నూలు గుడ్డ. పొందూరు ఖద్దరు పాతబడిపోయిన ముక్క ఉంటే మరీ మంచిది, తడిని బాగా పీలుస్తుంది. గుప్పెడు కల్లుప్పు కూడా పక్కన పెట్టుకుందాం, దాని పని చివర్లో ఉంది.

ముందు చేయి తిరగాలి

అసలు బొమ్మకు ముందు ఒక ముక్క కాగితాన్ని సాధనకే ఇచ్చేద్దాం. ఇది వదిలేసి ముందుకు వెళ్లినవాళ్లు మళ్లీ ఇక్కడికే వస్తారు.

1. రంగు చిక్కదనం చూడటం. పళ్లెంలో కొంచెం నీలం కలిపి పళ్లేన్ని వంచండి. రంగు గబుక్కున జారిపోతే పలచన. నిదానంగా కదిలితే మధ్యరకం. కదలకుండా అంటుకుని ఉంటే చిక్కన. మూడింటినీ కాగితం మీద పక్కపక్కన పూసి ఆరనివ్వండి. నీటిరంగు తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక తేలిపోతుంది. అందుకే మనకు కావలసినదానికన్నా ఎప్పుడూ ఒక పాలు చిక్కగా కలుపుకోవాలి.

2. తడి చూడటం. కాగితం మీద శుభ్రమైన నీళ్లు పూసి, కిటికీ వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా పట్టి చూడండి. మొదట నీళ్లు నిలిచి ఉంటాయి. కాసేపటికి నీళ్లు ఇంకి ఒక సమమైన మెరుపు మిగులుతుంది. తర్వాత మెరుపు పోతుంది, కానీ చేతి వెనక భాగాన్ని తాకిస్తే చల్లగా ఉంటుంది. చివరికి చల్లదనం కూడా పోతుంది. ఈ నాలుగు దశల్లో ఒక్కోదాంట్లో ఒక్కో చుక్క రంగు పెట్టి ఏం జరుగుతుందో చూడండి. నీళ్లు నిలిచినప్పుడు పెడితే రంగు అదుపు లేకుండా పారుతుంది. మెరుపు ఉన్నప్పుడు మెత్తగా విచ్చుకుంటుంది. మెరుపు పోయి చల్లగా ఉన్నప్పుడు తడికుంచె పెడితే అంచులు కోసుకుపోయి పువ్వుల్లా మరకలు వస్తాయి. ఆరాక పెడితే అంచు గీసినట్టు నిలుస్తుంది.

మెత్తని అంచు నెమ్మదిని, దూరాన్ని, మసకను చెబుతుంది. గట్టి అంచు తెగువను, ఉలికిపాటును, పండగ సందడిని చెబుతుంది. భావాన్ని మోసేది నీళ్లే అన్నది ఇందుకే.

3. బూడిద రంగు కలపడం. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా రెండూ కలిపితే మంచి బూడిద వస్తుంది. నీలం పాలు పెరిగితే చల్లటి మబ్బు, సియన్నా పాలు పెరిగితే వేడి మట్టి. రెండూ చిక్కగా కలిపితే దాదాపు నలుపు. నల్ల ట్యూబు మనకు అక్కర్లేదు.

4. రంగుల అర్థాలు మనవి మనం రాసుకోవడం. నీలం దిగులు, పసుపు ఆనందం అని పుస్తకాల్లో పట్టికలు ఉంటాయి. గడప మీద పసుపు శుభం. మే నెల మిట్టమధ్యాహ్నం అదే పసుపు కళ్లు మండిస్తుంది. కాబట్టి నాలుగు రంగులనూ, వాటి కలగలుపులనూ చిన్న గళ్లలో పూసి, ఒక్కోదాని కింద మనకు ఏమనిపించిందో పెన్సిలుతో రాసుకుందాం. బొమ్మకు కూర్చున్నప్పుడల్లా ఈ కాగితం పక్కన ఉండాలి.

ఇంకో చిన్న కసరత్తు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రం ఒకటి సంపాదించి, బొమ్మలోని మనుషులను చేత్తో మూసి వెనక పరుచుకున్న రంగును మాత్రం చూడండి. జరుగుతున్నది ఏ వేళో, ఎలాంటి ఘడియో ఆ రంగులోనే కొంత తెలిసిపోతుంది. మనం ఇప్పుడు ఆ వెనక భాగాన్నే ముందుకు తెచ్చి బొమ్మంతా దానితోనే నింపుతాం.

పద్ధతి: తుపాను ముందటి గుబులు

మొదటి బొమ్మకు మన తీరంలో అందరికీ తెలిసిన భావాన్నే తీసుకుందాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరినీ జీడితోటలనూ నేలకూల్చింది. మనం వేయబోయేది కూలిన తోట కాదు. తుపాను వస్తోందని తెలిసి, ఇంకా రాని గంటల్లో ఉండే ఆ బరువు.

1. భావాన్ని ఒక వాక్యంగా రాసుకుందాం. ‘భయం’ అని ఒక్క మాట రాస్తే చేతికి పని దొరకదు. ఒంట్లో ఎక్కడ ఎలా తెలుస్తుందో రాయండి: ‘పైనుంచి బరువు దిగుతోంది, గాలి ఆడటం లేదు, ఏదో ఒకవైపు నుంచి వస్తోంది.’

2. ఆ వాక్యాన్ని పనులుగా విడగొడదాం. బరువు పైనుంచి అన్నాం కాబట్టి చిక్కని రంగు పైన. గాలి లేదన్నాం కాబట్టి అడ్డంగా పరుచుకున్న పట్టీలు. ఒకవైపు నుంచి వస్తోందన్నాం కాబట్టి కుడి అంచు నుంచి ఒకే ఒక్క ఏటవాలు కదలిక. ఇంకా ఒక చోట ఖాళీ ఉండాలి, ఊపిరి పట్టుకున్న చోటు అదే. ఈ నాలుగింటినీ కాగితం వెనక రాసుకోండి.

3. రఫ్ నోటు పుస్తకంలో రెండు అంగుళాల చిన్న గడి గీసి, పెన్సిలుతో మూడే ఛాయలు నింపండి: ముదురు, మధ్యరకం, తెలుపు. పై సగం ముదురు, మధ్యలో మధ్యరకం, కింది మూడో వంతులో సన్నటి తెల్ల పట్టీ. అసలు కాగితం మీద మాత్రం పెన్సిలు పెట్టకండి. గీత కనిపిస్తే కుంచె దానికి కట్టుబడిపోతుంది.

4. కాగితాన్ని అట్ట మీద పరిచి నాలుగు పక్కలా అరంగుళం చొప్పున టేపు అంటించండి. టేపు అంచును గోటితో గట్టిగా నొక్కాలి. ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ నుంచి రంగు లోపలికి దూరుతుంది.

5. కాగితం తడపకముందే రంగులు కలిపి ఉంచుకోండి. పలచటి గోధుమ పసుపు ఒకటి: సియన్నాలో కాస్త గాంబోజ్. చల్లటి బూడిద ఒకటి: నీలం ఎక్కువ, సియన్నా తక్కువ, మధ్యరకం కన్నా చిక్కగా, సరిపోదేమో అనిపించేదానికి రెండింతలు. తడి కాగితం ముందు కూర్చుని రంగు కలపడం మొదలుపెడితే, కలిపేలోపు మెరుపు పోతుంది.

6. బల్లకుంచెతో కాగితాన్ని తడపండి. కింది మూడో వంతులో అనుకున్న పట్టీని మాత్రం పొడిగా వదిలేయండి. నీళ్లు నిలిచిన చోట గుడ్డ అంచు తాకించి తీసేయండి. ఇప్పుడు సమమైన మెరుపు ఉండాలి.

7. గోధుమ పసుపును తడి అంతటా పలచగా, అడ్డంగా లాగండి. వెళ్లిన చోటికి మళ్లీ కుంచె తీసుకెళ్లకండి. గీతలు కనిపిస్తాయేమో అనిపిస్తుంది. నీళ్లు వాటిని సర్దుకుంటాయి.

8. మెరుపు ఉండగానే చల్లటి బూడిదను పై అంచు నుంచి రెండు మూడు పెద్ద పట్టీలుగా పెట్టండి. అట్ట పై అంచు కింద ఒక లావుపాటి పుస్తకం పెట్టి ఏటవాలు చేయండి. రంగు దానంతటదే కిందికి దిగుతుంది. కుంచె కింద పెట్టేయండి, చేతులు ఒళ్లో పెట్టుకోండి. అందరికీ కష్టమైన మెట్టు ఇదే. ఇక్కడ సర్దబోయిన ప్రతి కుంచె దెబ్బా ఆ బరువును చెదరగొడుతుంది.

9. దిగుతున్న రంగు మధ్యకు రాగానే అట్టను మళ్లీ బల్లపరుపుగా పెట్టండి. బాగా పిండిన గుడ్డ మడతతో కుడి అంచు నుంచి లోపలికి ఏటవాలుగా ఒక్కసారి అద్ది లాగండి. అక్కడ రంగు లేచి మసక వెలుతురు వస్తుంది. అదే మనం అనుకున్న ఒకే ఒక్క కదలిక. రెండోది వద్దు.

10. పూర్తిగా ఆరనివ్వండి. ఎండాకాలం మధ్యాహ్నం నిమిషాల మీద ఆరేది, ముసురు పట్టిన రోజున గంట గడిచినా చల్లగానే తగులుతుంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, గడియారాన్ని కాకుండా చేతి వెనక భాగాన్ని నమ్ముకోండి. మెరుపు ఉండగా ఫ్యాను వేస్తే రంగు ఒక పక్కకు నెట్టుకుపోతుంది. మెరుపు పోయాకే వేయాలి.

11. ఆరిన కాగితం మీద ఇప్పుడు ఒక గట్టి అంచు. దాదాపు నలుపులాంటి చిక్కని కలగలుపుతో, వదిలేసిన తెల్ల పట్టీ కిందుగా అడ్డంగా ఒక సన్నటి ముదురు పట్టీ వేయండి. పైనంతా మెత్తదనం ఉంది కాబట్టి ఈ ఒక్క గట్టి గీత దగ్గర చూపు ఆగుతుంది. ఇక్కడే ఒక కొబ్బరిచెట్టు పెట్టాలని చేయి లాగుతుంది. పెడితే నేరం కాదు, కాకపోతే చూసేవాళ్లు చెట్టును చూసి గుబులును వదిలేస్తారు. ఈ పాఠానికి చెట్టు వద్దు.

12. గోడకు ఆనించి ఐదారడుగుల దూరం నుంచి చూడండి, తలకిందులుగా పెట్టి కూడా చూడండి. ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపుకు మార్చితే ముదురు, తెలుపు సరిగా విడివడ్డాయో లేదో తెలుస్తుంది. వెనక రాసుకున్న నాలుగూ బొమ్మలో ఉంటే పని అయిపోయినట్టే. టేపును బయటివైపు వాలుగా, నిదానంగా లాగి తీయండి. తడి ఉండగా తీస్తే కాగితం పొర లేచి వస్తుంది.

ఇదే వరసలో ఇంకో రెండు

నెమ్మది. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోట పొద్దున్నే నిలబడినవాళ్లకు ఈ భావం తెలుసు. కాగితమంతా తడిపి, మెరుపు ఉండగానే పలచటి నీలం, పలచటి క్రిమ్సన్ అడ్డంగా దూరదూరంగా పెట్టండి. రెండింటి మధ్య తెలుపు మిగలాలి. గట్టి అంచు ఒక్కటీ వద్దు, ముదురు రంగు వద్దు. కాగితంలో సగం ఖాళీగా ఉన్నా కంగారు పడకండి, ఈ బొమ్మలో పని చేసేది ఆ ఖాళీయే.

సంబరం. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఊరేగే రోజును తలచుకోండి. ఇక్కడ కాగితం తడపవద్దు. పొడి కాగితం మీద గాంబోజ్, క్రిమ్సన్, రెండూ కలిపిన కాషాయం, చిక్కగా, పొట్టి పొట్టి దెబ్బలుగా, ఏటవాలుగా వేయండి. దెబ్బల మధ్య తెల్ల సందులు వదలాలి, సందడి అంతా ఆ సందుల్లోంచే వినిపిస్తుంది. పక్కపక్క దెబ్బలు కొన్ని తడిలో కలవనివ్వండి, కొన్నింటిని కలవనివ్వకండి. కొన్ని చోట్ల రంగు మెరుస్తున్నప్పుడు నాలుగు కల్లుప్పు గింజలు చల్లండి. నౌపడ ఉప్పు మళ్ల నుంచి వచ్చే పెద్ద గింజల ఉప్పు అయితే బాగా పనిచేస్తుంది. గింజ చుట్టూ ఉన్న తడిని లాక్కుని, రంగులో తెల్లటి చుక్కలు పూయిస్తుంది. నీళ్లు నిలిచి ఉండగా వేస్తే కరిగిపోతుంది, మెరుపు పోయాక వేస్తే ఏమీ జరగదు. పూర్తిగా ఆరాక గింజలన్నీ దులిపేయాలి. మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చి బొమ్మను మళ్లీ మళ్లీ చెమ్మ పట్టిస్తుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

1. సగం ఆరినప్పుడు సర్దడం. ఎక్కువ బొమ్మలు చెడేది ఇక్కడే. మెరుపు పోయిందా, చేయి తీసేయాలి. సర్దాల్సింది ఉంటే పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ తడిపి అప్పుడు చూద్దాం.

2. రంగులన్నీ ఒకే చోట కలపడం. మూడు రంగులకు మించి కలిస్తే బురద వస్తుంది. ఒక బొమ్మకు రెండు రంగులు ప్రధానం, మూడోది చుట్టపుచూపుగా రావాలి.

3. మురికినీళ్లు. ఒక మగ్గు కుంచె కడగడానికి, రెండోది కాగితం తడపడానికి. నెమ్మది వేయబోయి దిగులు వచ్చిందంటే చాలాసార్లు కారణం మగ్గులోనే ఉంటుంది.

4. భయపడి పలచగా వేయడం. ఆరాక అంతా ఒకే తేలిక ఛాయగా మిగిలి, బొమ్మ ఏమీ చెప్పకుండా ఉండిపోతుంది. ప్రతి బొమ్మలో ఒక చోటైనా నిజమైన ముదురు ఉండాలి. నెమ్మది బొమ్మ ఒక్కటే దీనికి మినహాయింపు.

5. ఒకే కాగితంలో రెండు భావాలు. గుబులు వేస్తూ మధ్యలో అందంగా ఉంటుందని పసుపు చుక్కలు పెట్టకండి. అందం మీద ఆశ పుడితే ఇంకో కాగితం తీయండి.

6. కాగితం ముడతలు. ఆరాక వంకర పోయినట్టుంటే వెనకవైపు కాస్త నీళ్లు చల్లి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి.

7. వానాకాలంలో బూజు. మన వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా కాగితానికీ, మూత సరిగా పెట్టని రంగులకూ బూజు పడుతుంది. కాగితాలను ప్లాస్టిక్ కవరులో, మందు సీసాల్లో వచ్చే చిన్న సిలికా పొట్లాలతో కలిపి ఉంచండి. పళ్లెంలో మిగిలిన రంగును పూర్తిగా ఆరనిచ్చాకే మూత పెట్టండి.

ఇక మీ వంతు

చేయి అలవాటయ్యాక ఒక రాగం ఎంచుకుని, మాటల్లేని ఆలాపన వింటూ ఒక కాగితం వేయండి. రాగం ముందు ఒకసారి పూర్తిగా వినాలి, వాక్యం రాసుకోవాలి, రంగు కలపాలి, రెండోసారి వింటూ కుంచె పట్టాలి. వరస అదే.

బొమ్మ చూసి ఇంట్లోవాళ్లు ‘ఇదేటి బొమ్మ?’ అని తప్పకుండా అడుగుతారు. జవాబు చెప్పకండి. ‘చూస్తే మీకేం అనిపిస్తోంది?’ అని తిరిగి అడగండి. ‘ఏదో ఉక్కగా ఉంది’ అనో ‘వానొచ్చేలా ఉంది’ అనో అన్నారంటే మీ నీళ్లు సరిగ్గా పనిచేశాయి. ఏమీ అనిపించలేదంటే వెనక రాసుకున్న వాక్యం తీసి, ఏ మెట్టు దగ్గర జారిందో చూసుకోండి.

వారానికి ఒక కాగితం చాలు. ప్రతి దాని వెనక తేదీ, భావపు వాక్యం, ఆ రోజు ముసురో ఎండో రాయండి. చెడిందని దేన్నీ చింపకండి. పెద్ద షీటు ఒకటి కోస్తే వచ్చే ఎనిమిది ముక్కలూ పూర్తయ్యేసరికి నీళ్లు ఎప్పుడు పెట్టాలో చెయ్యే చెబుతుంది. కాబట్టి ఈ ఆదివారమే షీటు కొని, కోసి పెట్టుకోండి.